సంపాదకీయం పక్కన జవాబుకు చోటు

(విజయనగరంలో గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా పత్రికా పాఠకుల సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయిన వారి కోసం రికార్డింగ్ నుంచి ఎత్తి రాసినది.)

సభలోని పెద్దలకు, ఈ గ్రంథాలయానికి రోజూ వచ్చే పాఠక మిత్రులకు, విద్యార్థులకు నమస్కారం.

నాకు ఇచ్చిన విషయం పత్రికల సంపాదకీయ పుటల్లో రాజకీయ పక్షపాతం, భిన్నాభిప్రాయాలు. ఇది విన్న ఒక మిత్రుడు, "ఇందులో చెప్పడానికి ఏముందండీ, ఏ పత్రిక ఏ పార్టీదో గంటస్తంభం దగ్గర టీ తాగుతున్న వాళ్ళలో ఎవర్ని అడిగినా చెబుతారు" అన్నాడు. నిజమే, చెబుతారు. చెప్పగలిగినంత మాత్రాన మన పని అయిపోయిందా? ఫలానా పత్రిక ఫలానా పార్టీది అని ఒకసారి తేల్చేసుకున్నాక, అందులో వచ్చిన వాదన నిజమా కాదా అని చూడవలసిన శ్రమ మనకు తప్పిపోతుంది. మన వైపు పత్రిక అయితే చదవకుండానే ఒప్పుకుంటాం, ఎదుటి వైపుదయితే చదవకుండానే తోసేస్తాం. ఈ రెండూ చదవకపోవడమే కదా?

అందుకని నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. పత్రికకు ఒక రాజకీయ అభిప్రాయం ఉండటం తప్పు కాదు. సంపాదకీయం అనేది ఉన్నదే అందుకు. అభిప్రాయం లేకుండా, కర్ర విరగకుండా పాము చావకుండా రాసిన సంపాదకీయాలు మనం ఎన్ని చదవలేదు? ‘ప్రభుత్వం ఆలోచించాలి, ప్రతిపక్షం సహకరించాలి, ప్రజలు అప్రమత్తంగా ఉండాలి’ అని ముగిసే ఆ రాతల వల్ల ఎవరికీ నష్టం లేదు, ఎవరికీ లాభమూ లేదు. నా ఫిర్యాదు అభిప్రాయం మీద కాదు. ఆ అభిప్రాయానికి ఎదురు జవాబు అదే పుటలో, జవాబు చెప్పేవాడి సొంత మాటల్లో, అతని వాదనలోని బలం తగ్గకుండా అచ్చు కాకపోవడం మీద. అంతకు మించి, సంపాదకీయ పుటలో ఉండవలసిన అభిప్రాయం మొదటి పేజీ వార్తలోకి, శీర్షికలోకి, జిల్లా పేజీలోకి చప్పుడు లేకుండా దిగిపోవడం మీద.

ముందు ఆ పుట ఎలా ఉంటుందో ఒకసారి కళ్ళ ముందు పెట్టుకుందాం. పెద్ద పేరున్న పత్రికలన్నిటిలోనూ కొద్ది తేడాలతో ఇదే అమరిక. ఎడమ చేతి వైపు సంపాదకీయం. దాని కింద ఎవరి పేరూ ఉండదు, ఎందుకంటే అది ఒక మనిషి మాట కాదు, పత్రిక మాట. మధ్యలో పెద్ద వ్యాసం, దానికి రచయిత పేరు, ఒక్కోసారి ఫొటో. పక్కన మరొక వ్యాసం, ఒక కార్టూన్. అడుగున ఎక్కడో పాఠకుల లేఖలు, అవి కూడా ఇప్పుడు రెండు మూడు అంగుళాలకు కుదించుకుపోయాయి. ఇంకొక్కటి గమనించండి. వ్యాసం చివర చిన్న అక్షరాల్లో రచయిత ఎవరో ఒక ముక్క ఉంటుంది: ‘సీనియర్ విశ్లేషకులు’ అని, ‘సామాజిక పరిశీలకులు’ అని. అబ్బ, ఆ రెండు మాటల చాటున ఎంత దాక్కుంటుందో! ఆయన ఒక పార్టీకి సలహాదారు కావచ్చు, ప్రభుత్వం నియమించిన ఏదో సంస్థలో సభ్యుడు కావచ్చు, రేపు టికెట్ ఆశిస్తున్నవాడు కావచ్చు. ఉండవచ్చు, రాయవచ్చు. ఆ సంగతి చెప్పి రాస్తే పాఠకుడు తన తూకం తాను వేసుకుంటాడు. చెప్పకపోతే ఒక పార్టీ వాదనను పాఠకుడు తటస్థుడి తీర్పుగా మింగుతాడు.

ఆ పుటలో నాలుగు పేర్లు కనిపించగానే నాలుగు అభిప్రాయాలు ఉన్నాయని అనుకోకూడదు. సంపాదకీయం తానా అంటే మధ్య వ్యాసం తందానా అంటుంది, పక్క వ్యాసం దానికి తాళం వేస్తుంది, కార్టూన్ చిందు వేస్తుంది. నాలుగు గొంతులు, ఒకటే పాట.

ఇది ఈ కాలపు జబ్బా? కాదు. తెలుగు పత్రికలు పుట్టినప్పటి నుంచీ ఏదో ఒక పక్షానివే. 1902లో మచిలీపట్నంలో మొదలై ముట్నూరి కృష్ణారావు గారి చేతిలో పెరిగిన కృష్ణా పత్రిక జాతీయోద్యమ పక్షం. 1908లో కాశీనాథుని నాగేశ్వరరావు గారు బొంబాయిలో వారపత్రికగా ప్రారంభించి, 1914లో మద్రాసు నుంచి దినపత్రికగా నడిపిన ఆంధ్రపత్రికదీ అదే పక్షం, ఆంధ్రోద్యమానికి కూడా అది పెద్ద అండ. 1952 నుంచి విశాలాంధ్ర, 1981 నుంచి ప్రజాశక్తి దినపత్రిక కమ్యూనిస్టు పార్టీల పత్రికలు, ఆ మాట వాళ్ళెన్నడూ దాచలేదు. ఇలాంటి పత్రికతో నాకు పేచీ లేదు. కొట్టు ముందు బోర్డు ఉంది, లోపల ఏ సరుకు దొరుకుతుందో తెలుసు, కావలసినవాడు వెళ్తాడు. 1974లో విశాఖపట్నంలో మొదలైన ఈనాడు, 1982లో తెలుగుదేశం పార్టీ పుట్టినప్పుడు దానికి ఎంత అండగా నిలిచిందో మన తరానికి తెలుసు. 2008లో సాక్షి వచ్చినప్పుడు అది అప్పటి ముఖ్యమంత్రి కుమారుడి సంస్థ అని అందరికీ తెలుసు. తెలిసిన పక్షపాతంతో పాఠకుడు ఎలాగో వేగగలడు. అయితే పార్టీ పత్రిక అని ఒప్పుకోకుండా, ‘మేము నిష్పాక్షికం, ఎదుటివాడిదే పక్షపాతం’ అని ప్రతి పత్రికా అంటున్నప్పుడు చిక్కు మొదలవుతుంది.

పక్షం ఉండి కూడా ఎదుటివాడికి చోటివ్వవచ్చునా? ఇచ్చిన వాళ్ళున్నారు. 1933 ఫిబ్రవరి 11న గాంధీ గారి ‘హరిజన్’ పత్రిక మొదటి సంచిక వచ్చింది. గాంధీ గారు అప్పుడు ఎరవాడ జైలులో ఉన్నారు. ఆ సంచికకు సందేశం పంపమని అంబేద్కర్ గారిని అడిగారు. ఆయన సందేశం పంపను అన్నారు, అని ఊరుకోకుండా తన అభిప్రాయం రాసి పంపారు. కులవ్యవస్థ ఉన్నంత కాలం అంటరానివారు ఉంటారు, కులం పోతే తప్ప వారికి విముక్తి లేదు అని దాని సారం. అంటే ఆ పత్రిక దేని కోసం పుట్టిందో ఆ పునాదినే ప్రశ్నించారు. గాంధీ గారు దానిని ఏం చేశారు? అదే మొదటి సంచికలో అచ్చు వేసి, కింద తన జవాబు రాశారు. మొదటి సంచికలో! పత్రిక ప్రారంభోత్సవం నాడే! తరువాత 1936లో అంబేద్కర్ గారి కులనిర్మూలన ప్రసంగం అచ్చయినప్పుడు గాంధీ గారు హరిజన్‌లో దానిపై విమర్శ రాశారు. అంబేద్కర్ గారు రెండవ ముద్రణలో ఆ విమర్శను కూడా చేర్చి, తన ప్రత్యుత్తరాన్ని దాని పక్కన పెట్టారు. వారిద్దరిలో ఎవరి పక్షం సరైనదో ఈ సభలోనే రెండు అభిప్రాయాలు ఉండవచ్చు. ఇద్దరూ ఎదుటివాడి మాటను ఎదుటివాడి మాటల్లోనే పాఠకుడి ముందు పెట్టారు, నాకు కావలసింది ఆ పద్ధతి.

ఈ ఊళ్ళో నిలబడి భిన్నాభిప్రాయం గురించి మాట్లాడుతూ గురజాడ వారిని తలచుకోకపోతే మీరు నన్ను క్షమించరు. మద్రాసు విశ్వవిద్యాలయం తెలుగు వ్యాసరచన ఏ భాషలో ఉండాలో తేల్చడానికి సంఘం వేసినప్పుడు, గ్రాంథికం వైపు మొగ్గిన ఆ నిర్ణయంతో ఏకీభవించలేక ఆయన 1914లో తన అసమ్మతి పత్రం సమర్పించారు. ఆ రోజుకు ఆయన ఓడిపోయారు. మరి ఇవాళ పత్రికలు ఏ భాషలో అచ్చవుతున్నాయి? ఓడిన వాదన కాగితం మీద ఉండబట్టి తరువాతి తరానికి అందింది. న్యాయస్థానాల్లో ఇది మర్యాదగా స్థిరపడిన పద్ధతి. అత్యవసర పరిస్థితిలో, 1976 ఏప్రిల్ 28న, నిర్బంధంలో ఉన్నవాడు కోర్టుకు వెళ్ళలేడని సుప్రీంకోర్టులో నలుగురు న్యాయమూర్తులు తీర్పిస్తే, ఖన్నా గారు ఒక్కరే కాదన్నారు. ఆ ఒక్కరి మాటా ఆ తీర్పుతో పాటే అచ్చయింది. 2017లో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఆ నలుగురి తీర్పును కొట్టివేసింది. సంపాదకవర్గంలో అయిదుగురు కూర్చుని ఒక అభిప్రాయానికి వచ్చినప్పుడు ఆరో మనిషి కాదన్నాడనుకోండి, అతని మాట ఎక్కడ అచ్చవుతుంది? మన పత్రికల్లో ఎక్కడా అవదు. గదిలోనే పోతుంది.

ఇప్పుడు మీకు ఒక పరీక్ష చెబుతాను. పత్రిక నిజాయతీని కొలవడానికి ఇంతకంటే సులువైనది నాకు దొరకలేదు. అదే పని ఎదుటి పార్టీ చేసినప్పుడు ఈ పత్రిక ఏమన్నది? అంతే. 2014 జూన్‌లో తెలంగాణలో కేబుల్ సంస్థలు టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి ప్రసారాలు నిలిపివేశాయి. 2016 జూన్‌లో ఆంధ్రప్రదేశ్‌లో సాక్షి టీవీ ప్రసారాలు నిలిచిపోయాయి. 2019 అక్టోబరులో, తప్పుడు వార్తల మీద కేసులు పెట్టే అధికారాన్ని శాఖల కార్యదర్శులకు ఇస్తూ 2430 నంబరు జీవో వచ్చింది. మూడు సందర్భాలు, మూడు ప్రభుత్వాలు, దెబ్బ తిన్న సంస్థలు వేరు. అయితే ప్రశ్న ఒకటే, పత్రికాస్వేచ్ఛ. ఈ మూడింటినీ ఒకే గొంతుతో, ఒకే తీవ్రతతో ఖండించిన పత్రిక మీకు తగిలిందా? తన మీద పడినప్పుడు ‘ప్రజాస్వామ్యానికి గొడ్డలిపెట్టు’ అన్నవారు, ఎదుటివాడి మీద పడినప్పుడు లోపలి పేజీలో నాలుగు వాక్యాల వార్త వేసి ఊరుకోలేదా?

కరెంటు చార్జీలు కూడా అంతే. 2014, 2019, 2024లో మన రాష్ట్రంలో మూడు సార్లు ప్రభుత్వం మారింది. ట్రూ అప్ పేరుతో, అంటే అంచనాకు మించి అయిన పాత ఖర్చును తరువాత వినియోగదారుడి దగ్గర రాబట్టడం, బిల్లు పెరిగినప్పుడల్లా ఒక పత్రికకు అది ప్రజల నెత్తిన బాదుడు, రెండో పత్రికకు అది గత పాలకుల పాపఫలం. ప్రభుత్వం మారేసరికి ఇద్దరూ ఒకరి వాదన ఒకరు పుచ్చుకుంటారు. అక్షరం పొల్లుపోదు.

ఇంతవరకూ చెప్పినది మీకు తెలిసినదే. ఇప్పుడు చెప్పబోయేది అంతగా పట్టించుకోనిది. రెండు పత్రికలు దెబ్బలాడుకునే చోట కనీసం ఒక విషయానికి రెండు ముఖాలు బయటపడతాయి. ఇద్దరూ ఏకీభవించిన చోట ఏమవుతుంది? మన పక్కనే ఉన్న భోగాపురం చూడండి. ఆ విమానాశ్రయానికి 2019 ఫిబ్రవరి 14న ఒక ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. 2023 మే 3న మరొక ముఖ్యమంత్రి మళ్ళీ శంకుస్థాపన చేశారు. ఒక విమానాశ్రయానికి రెండు పునాదిరాళ్ళు. ఇక చూడండి, ఘనత ఎవరిది అనే విషయం మీద ఎంత సిరా ఖర్చయిందో! మొదటి రాయి ఉత్తుత్తిదని ఒకరు, రెండో రాయి కాపీ అని ఇంకొకరు. సరే, ఆ దెబ్బలాటలో మరడపాలెం ఎక్కడ ఉంది? ముడసర్లపేట, బొల్లింకలపాలెం, రెల్లిపేట ఎక్కడ ఉన్నాయి? ఊళ్ళు ఖాళీ చేసి పునరావాస కాలనీలకు వెళ్ళిన వాళ్ళలో భూమి ఉన్నవాడి పరిహారం సంగతి ఒకటి, భూమి లేకుండా ఆ భూమి మీద కూలి చేసుకున్నవాడి సంగతి మరొకటి, కొబ్బరి, జీడి, సరుగుడు తోటల మీద ఏటా వచ్చే ఆదాయాన్ని ఒక్కసారి ఇచ్చే డబ్బుతో ఎలా సరితూచాలన్నది ఇంకొకటి. ఇవి సంపాదకీయానికి తగిన ప్రశ్నలు కావా? రెండు ప్రభుత్వాలకూ విమానాశ్రయం కావాలి కాబట్టి, రెండు శిబిరాల పత్రికలకూ అది కావాలి కాబట్టి, ఆ ప్రశ్న జిల్లా పేజీలో విలేకరి రాసిన వార్త దగ్గరే ఆగిపోయింది. విమానాశ్రయం వద్దని నేను అనడం లేదు, దయచేసి అలా రాసుకోకండి. కావాలి అనే వాదన పక్కన, ఇల్లు వదిలిన మనిషి వాదన కూడా ఎడిట్ పేజీ ఎక్కవలసింది అంటున్నాను. నా దృష్టిలో పక్షపాతాల్లోకెల్లా పెద్దది ఇదే, ఎందుకంటే దీన్ని ఎత్తిచూపే ప్రత్యర్థి పత్రిక కూడా ఉండదు.

మూడు రాజధానుల విషయంలోనూ ఇటువంటిదే జరిగింది. 2019 డిసెంబరు 17న శాసనసభలో ఆ ఆలోచన వెలువడిన దగ్గర నుంచి ఒక వైపు పత్రికలు ‘ఉత్తరాంధ్ర ఆకాంక్ష’ అన్నాయి, రెండో వైపు పత్రికలు ‘ఉత్తరాంధ్ర అడగనే లేదు’ అన్నాయి. ఇద్దరూ మన పేరు మీదే మాట్లాడారు. సాలూరు నుంచి, పాలకొండ నుంచి, ఇచ్ఛాపురం నుంచి ఒక ఉపాధ్యాయుడో, ఒక వకీలో, ఒక రైతు సంఘం మనిషో సంతకం చేసిన వ్యాసం ఆ పుటల్లో ఎంత అరుదుగా కనిపించింది!

ఇంక యజమాని సంగతి. సంపాదకుడి పేరు ప్రతి సంచికలోనూ అచ్చు కావాలని 1867 నాటి చట్టమే చెప్పింది. చివరి పేజీ అట్టడుగున, భూతద్దం పెడితే తప్ప కనిపించని ఆ వరుసే అది. నార్ల వెంకటేశ్వరరావు గారి కాలంలో పాఠకులు ఆంధ్రప్రభను నార్ల వారి పత్రిక అనుకున్నారు. ఆయన అక్కడి నుంచి బయటికి వచ్చాక, 1960లో మొదలైన ఆంధ్రజ్యోతిని నార్ల వారి కొత్త పత్రిక అనుకున్నారు. ఇవాళ ఎన్ని పత్రికల సంపాదకుల పేర్లు మనం తడుముకోకుండా చెప్పగలం? యజమానుల పేర్లు మాత్రం చెప్పగలం. 2024లో కొత్త చట్టం వచ్చేదాకా, 1956 నాటి నిబంధనల కింద ఫారం-4 అనే ప్రకటన ఒకటుండేది. ఫిబ్రవరి ముగిసిన తరువాత వచ్చే తొలి సంచికలో ప్రతి పత్రికా దానిని వేయవలసి ఉండేది. ముద్రాపకుడు, ప్రచురణకర్త, సంపాదకుడు, వారి జాతీయత, చిరునామా, ఆ తరువాత అసలు సంగతి: మూలధనంలో ఒక శాతానికి మించి వాటా ఉన్నవారి పేర్లు. టెండర్ ప్రకటనల మధ్య ఎక్కడో ఇరుక్కుని ఉండేది. సంపాదకీయ పుటలో ఏడాది పొడుగునా ఎందుకు అలా రాశారో తెలియని విషయం, ఆ ఒక్క పెట్టెలో ఒక్కోసారి తెలిసిపోయేది.

యజమాని పెత్తనం మన దగ్గరే ఉందనుకోవద్దు. అమెరికాలో వాషింగ్టన్ పోస్ట్ సంపాదకవర్గం 2024 అధ్యక్ష ఎన్నికల్లో కమలా హారిస్‌కు మద్దతుగా సంపాదకీయం సిద్ధం చేసుకుంది. ఎన్నికలకు రెండు వారాలు కూడా లేవనగా, అక్టోబరు 25న, ఇక ఎవరికీ మద్దతు ప్రకటించబోమని ప్రచురణకర్త చెప్పారు. ఆ పత్రిక యజమాని జెఫ్ బెజోస్. ఆయన ఇచ్చిన కారణం వినండి: మద్దతు ప్రకటిస్తే పత్రికకు పక్షపాతం ఉందని జనం అనుకుంటారట! రెండున్నర లక్షల మంది చందాదారులు చందా మానేశారు. తరువాతి ఫిబ్రవరిలో, అభిప్రాయాల పుటలు ఇకపై వ్యక్తిస్వేచ్ఛ, స్వేచ్ఛా విపణి అనే రెండింటిని సమర్థిస్తాయని, వాటిని వ్యతిరేకించే వ్యాసాలు వేరే చోట ప్రచురించుకోవచ్చని ఆయనే ప్రకటించారు. ఆ విభాగం సంపాదకుడు తప్పుకున్నారు. నిష్పాక్షికత అనే మాటను అడ్డు పెట్టుకుని సంపాదకుల నోరు మూయించవచ్చు, నాలుగు నెలలు తిరిగేసరికి అదే పుటను ఒక పక్షానికి రాసి ఇచ్చేయవచ్చు. కాబట్టి ‘పత్రికలకు పక్షం ఉండకూడదు’ అని మనం గట్టిగా అరిచే ముందు, ఆ అరుపు ఎవరికి పనికొస్తుందో కూడా చూసుకోవాలి.

అక్కడే మంచి పద్ధతులూ ఉన్నాయి. న్యూయార్క్ టైమ్స్ 1970 సెప్టెంబరు 21న సంపాదకీయానికి ఎదురు పుటలో బయటివారి అభిప్రాయాలకు ప్రత్యేకంగా చోటు పెట్టింది. తన సంపాదకీయంతో ఏకీభవించని గొంతులు రావడం దాని ఉద్దేశం. 1982లో మొదలైన యుఎస్ఏ టుడే ఇంకొక అడుగు వేసి, తన సంపాదకీయం పక్కనే దానికి ఎదురు వాదనను, ఆ వాదన నిజంగా నమ్మే మనిషి చేత రాయించి ప్రచురిస్తూ వచ్చింది. నేను మన పత్రికల్లో చూడాలనుకునేది సరిగ్గా ఇదే. భూసేకరణ మీద సంపాదకీయం రాసిన రోజున, పక్కనే నాలుగు వందల మాటల్లో నిర్వాసితుల సంఘం జవాబు. కరెంటు చార్జీల మీద ప్రభుత్వాన్ని తిట్టిన రోజున, పక్కనే ఆ శాఖ వారి జవాబు. దీనికి కొత్త యంత్రాలు అక్కర్లేదు, ఒక రోజు ముందు ఒక ఫోన్ చేస్తే చాలు.

‘మరి ఎదుటివాడు అబద్ధం రాస్తే?’ అని ముందు వరుసలో ఒకరు అడుగుతున్నారు. మంచి ప్రశ్న. 2020 జూన్‌లో ఇదే న్యూయార్క్ టైమ్స్, నిరసనలను అణచడానికి సైన్యాన్ని దింపాలన్న ఒక సెనేటర్ వ్యాసం వేసి పెద్ద గొడవలో పడింది. సొంత ఉద్యోగులే తిరగబడ్డారు, నాలుగు రోజుల్లో అభిప్రాయాల విభాగం సంపాదకుడు రాజీనామా చేశారు. ఆ వ్యాసాన్ని అచ్చుకు ముందు తాను చదవలేదని ఆయన ఒప్పుకున్నారు. నా మటుకు నాకు ఆ వాదనకు చోటివ్వడం తప్పుగా తోచదు, చదవకుండా ఇవ్వడం తప్పు. అభిప్రాయం ఎవరిదైనా కావచ్చు, అందులో చెప్పిన అంకె, తేదీ, సంఘటన మాత్రం సంపాదకుడు సరిచూడాలి. మాంచెస్టర్ గార్డియన్ సంపాదకుడు స్కాట్ 1921లో అన్న మాట, వ్యాఖ్యకు స్వేచ్ఛ ఉంది కానీ వాస్తవం పవిత్రం అన్నది, జర్నలిజం తరగతుల్లో అందరూ వల్లిస్తారు. అదే వ్యాసంలో ఆయన, మిత్రుల గొంతుకు ఎంత హక్కుందో ప్రత్యర్థుల గొంతుకూ అంతే హక్కుందని కూడా అన్నాడు. ఆ రెండో వాక్యం ఎందుకో ఎవరికీ గుర్తుండదు.

ఇంకొక మోసం గురించి కూడా జాగ్రత్తగా ఉండాలి. ఎదురు వాదనకు చోటిచ్చామని చెప్పుకోవడానికి, ఎదుటి పక్షంలో అందరికంటే బలహీనంగా వాదించేవాణ్ణి ఏరికోరి తెచ్చి, పేజీ అడుగున నాలుగు వరుసలిచ్చి, పైన పెద్ద అక్షరాల్లో తన వాదన వేసుకోవడం. టీవీ చర్చల్లో రోజూ చూస్తున్నాం కదా, అయిదుగురు ఒక వైపు, ఒకడు ఇంకో వైపు, వాడు నోరు తెరిచేసరికి ప్రకటనల విరామం.

చివరగా మన సంగతి. మనలో చాలామంది ఉత్తరం రాస్తే ఎదుటి పత్రికకే రాస్తాం, తిట్టడానికి. దానికి విలువ ఉండదు, శత్రువు తిట్టాడని వాళ్ళు సంతోషిస్తారు. మీరు ఇష్టపడి చందా కట్టే పత్రికకు రాయండి. ‘ఫలానా తేదీ సంపాదకీయంతో నేను ఏకీభవిస్తాను, అయినా దానికి జవాబు ఎందుకు వేయలేదు?’ అని రాయండి. పాత చందాదారుడి ఉత్తరం పక్కన పడేయడం వాళ్ళకు అంత సులువు కాదు.

గ్రంథాలయం వారికి ఒక మనవి. ఇక్కడ పత్రికలన్నీ విడివిడి బల్లల మీద ఉంటున్నాయి, ఎవరి పత్రిక దగ్గర వారు కూర్చుంటున్నారు. వారానికి ఒక రోజైనా ఒకే విషయం మీద నాలుగు పత్రికల సంపాదకీయాలు పక్కపక్కన ఒక బోర్డుకు పెట్టండి. డిగ్రీ విద్యార్థులు ఆ పని సంతోషంగా చేస్తారు, నేనూ వచ్చి సాయం చేస్తాను. యాజమాన్య ప్రకటనలు కనిపించినప్పుడు వాటిని కూడా కత్తిరించి అదే బోర్డు మీద పెట్టండి. ఇప్పుడు ప్రశ్నలు తీసుకుందాం. వెనక వరుసలోని అమ్మాయి చాలాసేపటి నుంచి చెయ్యెత్తి ఉంది, ముందు ఆమెకు మైకు ఇవ్వండి.